గబ్బిలం పరీక్ష

"ష్... వినండి!"

వేసవి మొదలైతే చాలు, ఆ ఇంటి పెరట్లో సాయంత్రం పూట వినబడే మొదటి మాట ఇదే. నిజానికి అప్పటికి అక్కడ ఎవరూ మాట్లాడుతూ ఉండరు. ఇంటాయన భార్య దండెం మీద ఆరిన బట్టలు తీస్తూ ఉంటుంది. ఆవిడ తల్లి, అంటే ఆయనకు అత్తగారు, ప్లాస్టిక్ కుర్చీలో కాళ్ళు చాపుకుని విసనకర్రతో విసురుకుంటూ ఉంటుంది. ఉన్న నిశ్శబ్దాన్ని కాస్తా చెడగొట్టేది ఆ "ష్" ఒక్కటే.

ఆ "ష్" అనే పెద్దమనిషి సౌండు సెట్ల మెకానిక్. ఇంటి ముందుగదే షాపు. మూతలు తీసిన ఆంప్లిఫయర్లు, పొట్ట విప్పిన రేడియోలు, అట్ట చిరిగిన స్పీకర్లు, ఎప్పుడూ సన్నగా లేచే సోల్డరింగ్ పొగ. ఇంటి వెనక పెరడు. అందులో ఒక జామచెట్టు, రెండు బొప్పాయిలు, గోడ మీదికి ఇష్టమొచ్చినట్టు పాకిన పూలతీగ, ఓ మూల నీళ్ళ తొట్టి. షాపుకీ పెరటికీ మధ్య రెండు గదులూ వంటిల్లూ ఉన్నాయి గానీ, వాటి మీద ఆయనకు చెప్పుకోదగ్గ హక్కులేమీ లేవు.

బజారంతా ఆయన్ని "పాముచెవులాయన" అంటుంది. ఒకప్పుడు రోడ్డు మీద పోతున్న బస్సుని చెయ్యెత్తి ఆపి, "డ్రైవర్ గారూ, మీ ఎడమవైపు స్పీకర్ చిరిగింది, చూసుకోండి" అన్నాడు. డ్రైవర్ తిట్టుకుంటూ దిగి చూస్తే నిజంగానే చిరిగి ఉంది. అంతే, ఆ పేరు అంటుకుంది. పాముకి అసలు బయటికి చెవులే ఉండవు కదండీ అని ఎవరో చదువుకున్నాయన అంటే, "చెవులు లేకుండానే అంత వింటోందంటే మరీ గొప్పే కదా" అని నవ్వేశాడు. ఆ నవ్వు తర్వాత ఆయనకే తగులుకుంది. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

ఆయన పనిచేసే పద్ధతి ఒకటుంది. ఏ సెట్టు బాగుచేసినా మీటర్లు పెట్టి చూసి కస్టమర్ చేతిలో పెట్టేయడు. సాయంత్రం దాకా ఆపుతాడు. పొద్దు వాలగానే పొడుగాటి వైరుతో సెట్టుని పెరట్లోకి మోసుకొచ్చి, స్టూలు మీద పెట్టి, పక్షుల పక్కన వినిపిస్తాడు. కింది గొంతుకి పావురాలు. అవి గోడ మీద కూర్చుని గూగూమని మూలిగే మూలుగుతో బాస్ సరిచూస్తాడు. మధ్య గొంతుకి గోరింకలు. జామచెట్టులో చోటు కోసం అవి రోజూ తిట్టుకునే తిట్లు స్పీకర్లో మనిషి మాటంత స్పష్టంగా ఉంటాయి. ఇక పై గొంతు, అంటే ట్రెబుల్ సంగతి తేలాలంటే చీకటి పడేదాకా ఆగాలి. అప్పుడు వస్తాయి గబ్బిలాలు.

పండ్లు తినే పెద్దవి కావు. పిచ్చుకంత కూడా ఉండని చిన్నవి, పక్కింటి రేకుల కింద నుంచి ఒకదాని వెంట ఒకటి జారినట్టు బయటపడి, జామచెట్టు మీద దోమల కోసం గింగిరాలు కొడతాయి. అవి ఎగురుతూ ఒకదాన్నొకటి తరుముకునేటప్పుడు సన్నగా కీచుమంటాయి. సూదిమొనంత సన్నగా. పాటలో తాళాలు మోగి ఆగిపోయే చోట వచ్చే ఆ చివరి "చిస్" ఈ కీచు పక్కన నిలబడగలిగితే సెట్టు పాసు. లేకపోతే మళ్ళీ విప్పాల్సిందే.

ఇది ఏ పుస్తకంలోనూ లేదు, ఏ గురువూ చెప్పలేదు. తనే కనిపెట్టాడు. ఆ మాట రోజుకొకసారైనా ఎవరితోనైనా అనేవాడు కూడా. ఇంట్లో దానికి గబ్బిలం పరీక్ష అని పేరు పడిపోయింది. "అమ్మా, మా సెట్టు అయిందా?" అని ఎవరైనా వస్తే, భార్య లోపల్నుంచే "అయిందండీ, కానీ ఇంకా గబ్బిలాలు చూడలేదు" అనేది. పాత కస్టమర్లు తలూపి వెళ్ళిపోయేవాళ్ళు. కొత్తవాళ్ళు కాస్త జడుసుకునేవాళ్ళు.

అలాంటిది, ఆ వేసవిలో గబ్బిలాలు నోరు మూసుకున్నాయి.

రావడం మానలేదు. వేళకి వచ్చాయి, జామచెట్టు మీద ఎప్పటిలాగే గిరికీలు కొట్టాయి. కానీ చప్పుడు లేదు. మన మెకానిక్ కుర్చీలో ముందుకు వంగి, అరచేయి చెవి వెనక పెట్టి, ఊపిరి బిగబట్టాడు. ఏమీ లేదు.

"ఎండలకి గొంతులు ఎండిపోయాయి పాపం" అన్నాడు.

భార్య పైకి చూసి, "అరుస్తున్నట్టే ఉందండీ" అంది.

"అవి కీచురాళ్ళే!"

"కీచురాళ్ళయితే తొట్టి దగ్గర్నుంచి వినబడాలి కదా, ఇది పైనుంచి..."

"ప్రతిధ్వని" అన్నాడు ఆయన. ఆ మాట తర్వాత ఇంక వాదన ఉండదు.

భార్య మళ్ళీ దండెం వైపు తిరిగింది. బజారంతా మెచ్చుకునే చెవులవి, నావేమో కుక్కర్ కూతలు లెక్కపెట్టే చెవులు అనుకుంది. అత్తగారు మాత్రం విసనకర్ర ఆపి, అల్లుడు చెప్పినదానికి గంభీరంగా తలూపింది. ఆవిడ ఎప్పుడూ అంతే. ఆయన "ఇదిగో గోరింక" అంటే తలూపేది, "అదిగో గబ్బిలం" అంటే తలూపేది. ఇంట్లో శాస్త్రజ్ఞానం ఉన్నది తనకూ అత్తగారికీ మాత్రమేనని ఆయన గట్టి నమ్మకం.

కొన్నాళ్ళకి ఎండల సిద్ధాంతం పాతబడింది. వీధి చివర కొత్తగా పెట్టిన తెల్లటి దీపం మీద అనుమానం వచ్చింది. ఆ వెలుగుకి గబ్బిలాలు బెదిరి, గొంతు విప్పడం లేదు! నేరుగా వీధిదీపాల ఆఫీసుకి వెళ్ళాడు.

"ఫిర్యాదు ఏంటండీ?" అన్నాడు అక్కడి గుమాస్తా.

"మీ దీపం వల్ల గబ్బిలాలు మూగపోయాయి."

గుమాస్తా పెన్ను కింద పెట్టాడు. "అవి వచ్చి చెప్పాయా?"

"మూగపోయాయంటుంటే ఎలా చెబుతాయండీ?"

ఈయన రోజూ వచ్చి ఆ బల్ల ముందు కూర్చోవడం మొదలుపెట్టాక, పీడ విరగడవుతుందని ఒక మనిషిని పంపి దీపానికి రేకు కట్టించారు. ఆ రాత్రి నుంచి వీధి సగం చీకటి. ఎదురింటాయన తన స్కూటర్‌కే మోకాలు కొట్టుకుని, ఆ రేకుని, దాన్ని కట్టించినవాణ్ణి ఓపిగ్గా తిట్టాడు. గబ్బిలాలు మాత్రం పలకలేదు.

సరే, కొలత పోయింది. మరి సెట్లకి ట్రెబుల్ ఎలా పెట్టాలి? జ్ఞాపకం మీద పెట్టడం మొదలుపెట్టాడు. పోయిన వేసవుల్లో విన్న కీచు చెవుల్లో గింగురుమంటూనే ఉంది కదా, దానికి సరిపోయేదాకా నాబ్ తిప్పేవాడు. నాబ్ ఆ చివరకి వెళ్ళి ఆగిపోయినా సరిపోకపోతే, సెట్టు విప్పి లోపల రెండు పార్టులు మార్చి, ఇంకా పైకి లేపేవాడు. "మిగతా వాళ్ళంతా పాటకి దుప్పటి కప్పి ఇస్తున్నారు. నేను దుప్పటి తీసి ఇస్తున్నా" అని చెప్పుకునేవాడు.

సూచనలు రాలేదని కాదు. మంగలి షాపులో రేడియో పెట్టగానే, అక్కడే కుర్చీ కింద ఏళ్ళ తరబడి పడుకునే కుక్క లేచి వీధి దాటి వెళ్ళిపోయేది. "దానికి సంగీతం రుచించదు" అన్నాడు మెకానిక్. ఇంకో కస్టమర్ సెట్టు వింటూ, కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగించి, "చా... చాలా క్లియర్‌గా ఉంది మాస్టారూ" అన్నాడు. దాన్ని ఈయన పరవశం అనుకున్నాడు.

అసలు గొడవ సంగీతం టీచరమ్మ సెట్టుతో వచ్చింది. పక్క వీధిలో పిల్లలకి వయొలిన్ నేర్పుతుంది. ఆవిడ పాఠాలు చెప్పే హాల్లోని మైకు సెట్టు మొదటినుంచీ ఈయన చేతిదే. బాగుచేయించి తీసుకెళ్ళిన మర్నాడే దాన్ని రిక్షాలో వేసుకుని వెనక్కి తెచ్చింది.

"అన్నయ్యా, ఒక్కసారి ఇది చూడండి."

"ఏమైందమ్మా?"

"ఏం చెప్పను. పిల్ల వయొలిన్ వాయిస్తుంటే ఎవరో స్టీలు పళ్ళెం మీద మేకుతో గీస్తున్నట్టుంది. ముందు వరసలో పిల్లలందరూ చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నారు. ఒకడైతే పన్ను లాగుతోందని ఒకటే ఏడుపు."

"అది హాలు లోపమమ్మా. గోడలు మరీ నున్నగా ఉంటే..."

"గోడలు ఎప్పటివో అవే అన్నయ్యా. నేను సున్నం కూడా వేయించలేదు." ఆవిడ కాస్త తటపటాయించి, గొంతు తగ్గించింది. "ఆదివారం మా పిల్లల కార్యక్రమం. తల్లిదండ్రులంతా వస్తారు. మీకు కుదరకపోతే మొహమాటపడకండి. మెయిన్ రోడ్డులో కొత్త షాపొకటి పెట్టారట..."

కొత్త షాపు! మెకానిక్ తన ముందుగదిని ఒకసారి కలియజూశాడు. తన దగ్గర కొత్త మిషన్లు లేవు, అద్దాల తలుపులు లేవు. తన షాపుకి పెట్టుబడల్లా తలకి రెండువైపులా ఉన్న ఆ రెండు చెవులే. వాటి మీద అనుమానమంటే మొత్తం షాపు మీదే అనుమానం.

"సాయంత్రం రండమ్మా" అన్నాడు, ఛాతీ కాస్త ముందుకు తోసి. "గబ్బిలాల ముందే తేల్చుకుందాం."

టీచరమ్మ వచ్చింది. భార్య ఇంకో కుర్చీ వేసింది. స్టూలు మీద సెట్టు. పావురాలు గోడ దిగిపోయాయి. గోరింకలు జామచెట్టులో ఆ రోజు తగువు పూర్తిచేసుకుని సర్దుకున్నాయి. తేనెపిట్ట ఒకటి పూలతీగలో ఆఖరి పువ్వు దగ్గర ముక్కు తెరిచి మూస్తోంది. అదీ ఈ ఏడు మూగనోము పట్టినట్టే ఉందని మెకానిక్ మనసులో అనుకున్నాడు. ఆకాశం బూడిదరంగులోకి దిగింది. రేకుల కింద నుంచి మొదటి గబ్బిలం జారి బయటపడింది, దాని వెనక ఇంకోటి, ఇంకో రెండు.

"చూస్తున్నారు కదమ్మా" అని ఉపన్యాసం అందుకున్నాడు. "మామూలుగా అయితే వీటి గొంతుతో పోల్చి మీకు చూపించేవాణ్ణి. కానీ ఏం చేస్తాం, ఈ ఏడు మూగపోయాయి. అందుకే..."

టీచరమ్మ తల పైకెత్తింది. "మూగపోవడమేంటన్నయ్యా? ఇంత గోల చేస్తుంటే!"

"అవి కీచురా..."

"కీచురాళ్ళు కావు" అంది భార్య. ఆరిన దుప్పటి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి లేచి నిలబడింది. "నాకూ వినబడుతున్నాయి. మొదటి రోజు నుంచీ వినబడుతూనే ఉన్నాయి. మీరు కాదంటుంటే, నాకే చెవుల్లో ఏదో మోగుతోందేమోనని డాక్టర్ దగ్గరికి కూడా వెళ్దామనుకున్నా."

మెకానిక్ చుట్టూ చూశాడు. ఒక్క దిక్కు మిగిలి ఉంది.

"అత్తయ్యగారూ! మీరు చెప్పండి. మీకేమైనా వినబడుతోందా?"

అత్తగారు విసనకర్ర ఆపింది. పైకి చూసింది, చెవి రిక్కించింది, నిదానంగా తల అడ్డంగా ఊపింది. "నాకేమీ వినబడట్లేదు బాబూ."

"చూశారా!" అని ఎగిరి గంతేసినంత పని చేశాడు మెకానిక్. "నేను చెప్పలా? అత్తయ్యగారు..."

"నాకు వినబడక చాలా ఏళ్ళయిందిగా" అంది అత్తగారు, మళ్ళీ విసురుకుంటూ. "ఆ సన్నవి, పిట్టలవి, ఏవీ వినబడవు. పెద్దతనం."

గంతేసినవాడు గాల్లోనే ఉండిపోయినట్టయింది ఆయన పరిస్థితి. తన తరఫున వచ్చిన ఒకే ఒక్క సాక్షి అలా నిండా ముంచేసింది.

అయినా ఊరుకుంటాడా? షాపులోకి పరిగెత్తి, ఒక చిన్న పెట్టె తెచ్చాడు. నాబ్ తిప్పే కొద్దీ లావు గొంతు నుంచి సన్నటి కూత దాకా మోగే పెట్టె అది. "మనిషి మాటెందుకు, ఇది చెబుతుంది" అన్నాడు. "అందరూ చెయ్యెత్తండి. వినబడినంతసేపు దించొద్దు."

భార్య, టీచరమ్మ చేతులెత్తారు. ఆయనా ఎత్తాడు. అత్తగారు కూడా మర్యాదకి ఎత్తింది. నాబ్ తిరిగింది. కూత సన్నబడింది. అత్తగారి చెయ్యి దిగింది. ఇంకాస్త తిరిగింది. ఆయన చెయ్యీ దిగింది. మిగతా ఇద్దరి చేతులు మాత్రం ఇంకా పైనే ఉన్నాయి, బడిపిల్లల్లాగా.

"పెట్టె ఆగిపోయింది" అన్నాడు, స్క్రూడ్రైవర్ కోసం జేబు తడుముకుంటూ.

"ఆగలేదండీ. మోగుతోంది."

పెట్టెకి చెవి ఆనించాడు. తట్టాడు. తిరగేశాడు. "లోపల వైరు ఊడినట్టుంది."

"ఊడింది వైరు కాదండీ" అంది భార్య మెల్లిగా.

అప్పటికి ఎక్కింది ఆయనకి. కుర్చీలో కూలబడ్డాడు. వరసగా కళ్ళ ముందు తిరిగాయి: మంగలి కుక్క, పళ్ళు బిగించిన కస్టమర్, రేకు కట్టించుకున్న వీధిదీపం, ఎదురింటాయన మోకాలు. పాముకి చెవులుండవని ఆ చదువుకున్నాయన సరిగ్గానే చెప్పాడు, తనే అర్థం చేసుకోలేదు. గబ్బిలాలు మూగపోయాయని ఆఫీసు చుట్టూ తిరిగిన మొట్టమొదటి చెవిటివాణ్ణి నేనే అయ్యుంటాను అనుకుంటే, ఆ బాధలోనూ ముక్కులోంచి నవ్వొచ్చింది.

దొంగదారి ఒకటి లేకపోలేదు. నాబ్‌ని సగానికి తెచ్చి, "ఇప్పుడు చూడండమ్మా, హాలుకి తగ్గట్టు సర్దాను" అనేయొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ లోపల పార్టులు మార్చి పెట్టింది తనే. దాన్ని ఎంత వెనక్కి తీయాలో చెప్పాల్సింది చెవులే. అవి లేవు. ఆదివారం ఇంకో పిల్లవాడి పన్ను లాగితే?

"అమ్మా" అన్నాడు టీచరమ్మతో, "లోపం గోడల్లో లేదు. మెకానిక్‌లో ఉంది. మీరు ఆ కొత్త షాపుకే వెళ్ళండి."

ఆ మాట అనడం ఎంత కష్టమో ఆయన ముఖం చూసినవాళ్ళకి తెలుస్తుంది. టీచరమ్మ ఏదో అనబోయింది. ఈలోగా భార్య స్టూలు లాక్కుని సెట్టు ముందు కూర్చుంది.

"విప్పండి దీన్ని" అంది. "మీరు సర్దుతూ ఉండండి. ఎక్కడ ఆపాలో నేను చెబుతా."

"నీకేం తెలుసోయ్?"

"బాగానే అడిగారు! ఇన్ని వేసవులు పొయ్యి మీద అన్నం వదిలేసి వచ్చి కూర్చోమని, ష్ ష్ అని నా ప్రాణం తీసి వినిపించింది ఎవరు? పావురం ఎక్కడుండాలి, గోరింక ఎక్కడుండాలి, గబ్బిలం ఎక్కడుండాలి, అన్నీ తెలుసు నాకు. మీరు నేర్పినవే."

ఆయన సెట్టు విప్పాడు. పైన గబ్బిలాలు తిరుగుతున్నాయి, అరుస్తున్నాయట కూడా. భార్య ఒక చెవి సెట్టుకి, ఒక చెవి ఆకాశానికి పెట్టి, "ఇంకా తగ్గించండి... ఇంకా... అయ్యో, మరీ తీసేశారు, కొంచెం పెంచండి... ఆఁ, అక్కడ. అక్కడే ఉంచండి, చెయ్యి తీసేయండి!" అంది. టీచరమ్మ కళ్ళు మూసుకుని వింది. పళ్ళు బిగించలేదు. "ఇదే అన్నయ్యా, మా సెట్టు ఇదే" అంది.

"ఎన్నేళ్ళ నుంచో నా మాట వినమంటే విన్నారు కాదు" అంది భార్య, చేతులు దులుపుకుంటూ. "ఇప్పుడు గతిలేక వింటున్నారు."

ఆదివారం మెకానిక్ హాల్లో ఆఖరి వరసలో కూర్చున్నాడు. వయొలిన్ ఎలా ఉందో ఆయనకి పూర్తిగా తెలియదు. అందుకని పాట వినడం మానేసి, ముందు వరస పిల్లల చేతులు చూస్తూ కూర్చున్నాడు. ఒక్క వేలు కూడా చెవి దగ్గరికి పోలేదు. ఒకడు మాత్రం ముక్కులో పెట్టుకున్నాడు. దానికి సెట్టు బాధ్యత లేదని తృప్తిపడ్డాడు.

ఆ తర్వాత మిగిలింది చేసినదాన్ని సరిదిద్దుకోవడం. చెవి డాక్టరేమో వయసు, పైగా ఇన్నాళ్ళూ స్పీకర్ల పక్కన కూర్చోవడం అని చెప్పి, ఉన్నదాన్ని కాపాడుకోమన్నాడు. మెకానిక్ సంచీలో పనిముట్లు సర్దుకుని, భార్యని వెంటబెట్టుకుని, ఆ వేసవిలో తను చెడగొట్టిన సెట్లన్నిటి చుట్టూ తిరిగాడు. సిగ్గుగా ఉండదా అంటే ఉంది. అందుకే ముందుగా మంగలి షాపుకే వెళ్ళాడు, పెద్ద సిగ్గు ముందు వదిలించుకుందామని.

"నేనే చెబుదామనుకున్నా అన్నా" అన్నాడు మంగలి, కత్తెర ఆపి. "కానీ పాముచెవులాయనకి చెవుల సంగతి నేనేం చెబుతాలే అని ఊరుకున్నా."

"నీ కుక్క చెప్పింది. నేనే వినలేదు."

భార్య "అక్కడే ఆపండి" అంది. రేడియో పాడింది. వీధికి అవతల పడుకున్న కుక్క ఒక చెవి లేపింది, ఒళ్ళు విరుచుకుంది, తీరిగ్గా రోడ్డు దాటి వచ్చి కుర్చీ కింద చుట్ట చుట్టుకుంది. మెకానిక్‌కి ఇంతకు ముందు ఏ కస్టమర్ మెచ్చుకున్నా అంత గర్వం కలగలేదు.

ఆ సాయంత్రం పెరట్లో ఎవరూ "ష్" అనలేదు. భార్య ఇంకో సెట్టు ముందు కూర్చుని పావురాల దగ్గర పని కానిచ్చేసింది. మెకానిక్ తన కుర్చీని జరుపుకుని అత్తగారి పక్కన వేసుకున్నాడు.

"ఇన్నాళ్ళూ నేను వినండి అన్నప్పుడల్లా తలూపారు కదా అత్తయ్యగారూ, మరి?"

"అల్లుడు అంత హుషారుగా చెబుతుంటే ఊపకుండా ఎలా ఉంటాను బాబూ?"

"మరి ఏమీ వినబడకుండా రోజూ ఇక్కడ కూర్చుని ఏం చేసేవారు?"

అత్తగారు చుట్టూ చూసి, కూతురు చూడట్లేదని నమ్మకం కుదిరాక, కుర్చీ పక్కనుంచి సెనగగింజంత రాయి తీసి గాల్లోకి విసిరింది. జామచెట్టు మీద తిరుగుతున్న గబ్బిలం ఒక్కసారిగా దారి మళ్ళి, పురుగనుకుని, రాయి వెంట కిందికి దూకి, మోసం కనిపెట్టి, మళ్ళీ పైకి లేచిపోయింది. అదంతా చప్పుడు లేకుండా జరిగింది. వాళ్ళిద్దరికీ సంబంధించినంత వరకు.

"నీ మాట అయ్యాక, నువ్వు లోపలికి పోయాక, రోజూ ఇదే నా పని" అంది ఆవిడ.

మెకానిక్ కళ్ళు పెద్దవయ్యాయి. ఇన్ని వేసవులు కళ్ళు మూసుకుని, చెవులు రిక్కించి, ఎంత చూడకుండా పోయాడో! వంగి తనూ ఓ రాయి తీసి బలంగా విసిరాడు. గబ్బిలం పట్టించుకోలేదు. రాయి తిరిగొచ్చి నడినెత్తిన తగిలింది. ఆ చప్పుడు మాత్రం ఆయనకి బ్రహ్మాండంగా వినబడింది.

"ఇంకా చిన్నది తీసుకో బాబూ. మెల్లిగా" అంది అత్తగారు.

అవతల స్టూలు దగ్గర్నుంచి భార్య తల పైకెత్తింది. "ఏవండీ, ఇవాళ చూడండి, ఎంత బాగా అరుస్తున్నాయో!"

అల్లుడు, అత్తగారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ కలిసి, చాలా గంభీరంగా, తలలూపారు.